అవ్వను అడగని పరీక్ష

“గా డబ్బా ఎందుకు బంద్ చేసినవ్ బాపమ్మా?”

“ఎందుకేందే? పగటీలి ఎవలూ లేని అర్రల లైట్లు మిణుకు మిణుకుమంటుంటె సూసుకుంట కూసోవాల్నా? కరెంటు ఏమన్న వాగుల పారుతుందా?”

“ఎవలూ లేకపోవుడేంది? నా దోస్తు లోపట దాని చెల్లెతోని మాట్లాడుతలేదా?”

“పొద్దుగాలటి సంది మాటలే గద. బట్టలు ఆరేసుకుంట ఫోను, తల దువ్వుకుంట ఫోను. జరసేపు ఆగితె పాణం పోతదా?”

“పోయింది బాపమ్మా, గిప్పుడే పోయింది! రేపు దాని చెల్లెకు పరీక్ష. నేను రాయనని ఆ పిల్ల మొండికేస్తె ఇది గంట సంది బతిలాడుతుంది. జర మెత్తవడ్డట్టే ఉండె. సరిగ్గ గప్పుడే నువ్వు పోయి స్విచ్చి ఒత్తినవ్. మళ్ల జేస్తె అటు ఫోనే బంద్.”

అట్లా నిలదీసింది మా మనుమరాలు. నన్ను నిలదీయడం ఎవరికీ అలవాటు లేని సంగతి. మా ఇంట్లో నేను లేచి లైటు ఆర్పితే కొడుకూ కోడలూ మారు మాట్లాడకుండా ఆ మసకలోనే చెప్పులు వెతుక్కుంటారు; సబ్బు అరిగి చిప్ప అయితే కొత్త సబ్బుకు అతికించాల్సిందే, పాలపాకెట్టు కడిగిన నీళ్లు చాయలోకి పోవాల్సిందే. నా ఈడు వాళ్లకు ఇదంతా విప్పి చెప్పనక్కరలేదు, మీ ఇళ్లలోనూ ఇదే నడుస్తూ ఉంటుంది, పిల్లలు మన వెనుక నవ్వుకుంటూనే ఉంటారు. కానీ ఆ మధ్యాహ్నం గోడకున్న ఇంటర్నెట్ డబ్బా ఆర్పి నేను మిగిల్చింది ఎంతో గానీ, ఎక్కడో ఒక పిల్ల చదువు ఆ స్విచ్చితోనే తెగిపోయిందన్న మాట చెవిన పడేసరికి, అది నొక్కిన వేలు నాదేనా అన్నట్టు చూసుకుంటూ నిలబడ్డాను.

మా మనుమరాలు హైదరాబాదులో పెద్ద చదువు చదువుతున్నది. ఈసారి సెలవులకు కరీంనగర్ వస్తూ వెంట ఒక స్నేహితురాలిని తీసుకొచ్చింది. కాబూల్ పిల్ల. హాస్టల్ మూస్తే అందరూ ఇళ్లకు పోతారు; ఈ పిల్లకు పోవడానికి ఇల్లుంది గానీ, పోతే తిరిగి వచ్చే దారి లేదు. ఈమె చదువుకని ఇక్కడికి వచ్చిన తర్వాత అక్కడ రాజ్యం మారిందట, ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి తలుపులు మూశారట, కాలేజీలకూ తాళాలు వేశారట. అప్పటికి ఆరో తరగతి ముగించిన చెల్లెలు పుస్తకాల సంచిని గోడకు తగిలించింది, నాలుగేళ్లు దాటినా అది ఆ గోడకే ఉన్నదట.

వచ్చిన మొదటి రెండు రోజులు నేను ఆ పిల్లతో ముభావంగానే ఉన్నాను. అన్నం కొద్దిగా తినేది, రొట్టె ఇష్టంగా తినేది, చాయలో పాలు వద్దనేది. పాలు వద్దన్నందుకు నాకేమీ నష్టం లేదు. మూడో రోజు పొద్దున తింటుంటే జొన్నరొట్టె ముక్క ఒకటి జారి కింద పడింది. ఆ పిల్ల వంగి తీసి, ఊది, పెదవులకు తాకించుకొని, నొసటికి అద్దుకొని, తీసుకుపోయి పిట్టగోడ మీద పిచ్చుకలకు పెట్టింది. ఎవరూ చూడడం లేదనుకున్నది. నేను చూశాను. తిండిని ఇట్లా చూసే బిడ్డను పెంచిన తల్లి ఎవరో గానీ గట్టి మనిషే అనుకున్నాను, ఆ రోజు నుంచి దాని చాయలో రెండు ఏలక్కాయలు దంచి వేయడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఏలక్కాయలు ఊరికే పడవు.

ఇద్దరం మాట్లాడుకునేది ఉర్దూలో. నాకు ఉర్దూ బడిలో రాలేదు. పెళ్లయి బెల్లంపల్లి వెళ్లాక, మా ఆయన బాయిలోకి దిగి బొగ్గు తవ్వే రోజుల్లో, లైను క్వార్టర్లలో పక్కింటి వాళ్లతో, అంగట్లో కూరగాయల వాళ్లతో బేరం చేయగా వచ్చింది. ఆ పిల్ల ఉర్దూ వేరు, నాది వేరు, అయినా బండి నడిచేది. ఇక్కడ మా మాటలను మన మాటల్లోనే రాస్తున్నాను.

మనుమరాలు అట్లా నా మీద మండిపడుతుండగానే ఆ పిల్ల గదిలోంచి బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ నా మీద కోపం లేదు. వాళ్ల భాషలో నాయనమ్మను పిలిచినట్టు నన్ను బీబీజాన్ అని పిలిచేది. బీబీజాన్ తప్పేమీ లేదు, ఫోను ఉన్నా అది రాయకపోయేదే అని మనుమరాలికి సర్దిచెప్పి, నేను గింజలు తీస్తున్న చింతపండు కుప్ప ముందర చతికిలబడి తానూ ఒక పిడికెడు అందుకున్నది. పని చేసే చేతులకు మాట తొందరగా వస్తుంది. నేను అడగలేదు, తానే చెప్పింది.

తండ్రి ఇరాన్‌లో ఇళ్లు కట్టే కూలికి పోయి ఉన్నాడు. ఇంట్లో తల్లి, చెల్లెలు, ఇంటికి పెద్దగా తండ్రి అన్న. బడి మూసిన తర్వాత తల్లి చిన్నబిడ్డకు తివాచీ నేయడం నేర్పింది, వెనుక గదిలో మగ్గం పెట్టారు, ఇప్పుడు ఆ ఇంటి పొయ్యి దానితోనే వెలుగుతున్నది. ఫోను ఒక్కటే, అది తల్లిది. రోజూ అక్కతో మాట్లాడుతానని చెప్పి చెల్లెలు దాన్ని మగ్గం పక్కన పెట్టుకుంటుంది. మాటల పేరుతో ఈమె ఇక్కడి నుంచి లెక్కలూ ఇంగ్లీషూ చెబుతున్నది. పొద్దున్నుంచి ఫోనే అని నేను సణిగింది ఆ పాఠాలనే. ఎక్కడో బయటి దేశంలోని బడి ఒకటి ఇలాంటి పిల్లలకు ఫోనులోనే పరీక్ష పెట్టి, పాసైతే ఫోనులోనే పై చదువు చెబుతుందట. ఆ పరీక్ష మర్నాడే. రెండు గంటలకు పైగా కదలకుండా కూర్చోవాలి.

ఆ రెండు గంటలే గండం. తివాచీ నేయడమంటే ముడి మీద ముడి వేసి, వరుస కాగానే బరువైన ఇనుప దువ్వెనతో దిగ్గొట్టడం. ముందు గదిలో కూర్చునే పెదనాన్నకు ఆ దువ్వెన చప్పుడు వినపడుతూనే ఉంటుంది. ఆగితే ఏమైందని కేక వేస్తాడు. నేసినంత మేర రోజూ అరచేయి పెట్టి నిమిరి చూస్తాడు. చెడ్డవాడు కాదట, భయపడ్డవాడట. ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల దొంగచాటుగా చదువుతున్నదని ఎవరైనా చేరవేస్తే పట్టుకుపోయేది ఇంటి మగవాణ్ణే కదా. పక్కింటి అమ్మాయిని పిలిచి ఆ రెండు గంటలు మగ్గం మీద కూర్చోబెడదామని అక్కాచెల్లెళ్లు అనుకున్నారట. కానీ ఆ అమ్మాయి ముడి వదులు, వీళ్లది బిగువు. నిమిరితే తెలిసిపోతుంది. అందుకే ఆ పిల్ల ఇక రాయనంటున్నది.

చింతపండు నా చేతిలోనే ఉండిపోయింది. చేయి తేడా తెలిసిపోతుందన్న మాట నేను అరవై ఏళ్ల కిందట ఒకసారి విన్నాను.

మాది జగిత్యాల దిక్కు పల్లె. చెల్క భూములు, వాన పడితే పంట, లేకపోతే బీడీలు. ఇంటింటికీ ఒక చాట ఉండేది, చెరగడానికి కాదు, ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టడానికి. చాటలో ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఒక మూల తంబాకు, మోకాలి కింద దారపు ఉండ. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. ఇరవై అయిదింటికి ఒక కట్ట. ఆ తంబాకు ఘాటు తల వెంట్రుకల్లోకి పోయి తలంటుకున్నా వదిలేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు తుమ్ము రాకముందే ఊరు గుర్తుకొస్తుంది.

నేను మూడో తరగతి దాకా మిషన్ బడికి పోయాను. తమ్ముడు పుట్టాక మాన్పించారు. మా అవ్వ, అంటే కన్నతల్లి, తొట్టె ఊపుకుంటూ ఇంట్లోనే బీడీలు చేసేది, నన్ను మాత్రం పక్క వాడలో ఒక పొడుగాటి అరుగు మీద పది మంది ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టారు, చేయి సాగుతుందని. ఆ అరుగుకు ఒక రివాజు ఉండేది. కూర్చున్న వాళ్లలో ఎవరికైనా నాలుగు అక్షరాలు వస్తే, వాళ్లు కత్తెర పక్కన పెట్టి ఏదో ఒకటి పైకి చదవాలి. బొంబాయి నుంచి వచ్చిన మగని జాబు కావచ్చు, కథల పుస్తకం కావచ్చు, పంచాంగం కావచ్చు. చదివినంత సేపూ మిగతావాళ్లు తమ తమ చేతుల్లోంచి ఒక్కొక్క బీడీ తీసి ఆమె చాటలో వేయాలి. చదివేదాని చాట ఖాళీగా ఉండొద్దు అనేవారు. మొదట్లో చదివే మనిషి లేక వారాల తరబడి ఊరకే ఉండే ఆ అరుగుకు పదేళ్లదాన్ని నేను దొరికాను.

మిషన్ బడి టీచరమ్మ మధ్యాహ్నం పూట ఆ అరుగు దగ్గరికి వచ్చేది. మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేక, బోర్లించిన రోలు మీద కూర్చునేది. పలక కొనే తాహతు ఎవరికీ లేదు కాబట్టి కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కల మీద సూదితో గీయించేది, గీత తెల్లగా తేలేది. నలభై ఏళ్ల ఆడవాళ్లు తమ పేరు తాము ఆకు మీద గీసుకొని, మురిసి, ఆ ఆకునే చుట్టి బీడీ చేసి కట్టలో కట్టేసేవాళ్లు. ఏ ఊళ్లో ఏ మగవాడు వాళ్ల పేర్లు కాల్చి పొగ వదిలాడో ఆ దేవుడికే తెలియాలి.

నన్ను మాత్రం టీచరమ్మ వదల్లేదు. రెండేళ్లు వెంటబడి నాలుగూ అయిదూ తరగతుల పాఠాలు చెప్పి, అయిదో తరగతి పరీక్షకు పేరు రాయించింది. పాసైతే కరీంనగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు. పరీక్ష కోసు దూరంలో పక్క ఊళ్లో, రెండు రోజులు. మొదటి రోజు తెలుగు, రెండో రోజు లెక్కలు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. చెబితే పంపరని అరుగు మీది వాళ్లందరం కలిసి తేల్చుకున్నాం. రోజుకు నేను చేసేది ఇరవై కట్టలు. పది మంది ఉన్నారు, మనిషికి రెండు కట్టలు చేసి నా చాట నింపుతామన్నారు. ఒకామె నా తలకు కొబ్బరినూనె రాసి జడ వేసింది, తంబాకు వాసన తెలియొద్దని. నేను పోయి తెలుగు పరీక్ష రాసి వచ్చాను. బాగా రాశాను. ఆ మాట ఇప్పటికీ గట్టిగా చెప్పగలను.

పొద్దు గూకే వేళ మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, అవ్వ బీడీలూ నా బీడీలూ కలిపి కార్ఖానాకు తీసుకుపోయి అప్పజెప్పేవాడు. కార్ఖానాలో కట్ట విప్పి చూస్తారు, నచ్చకపోతే విసిరి కొడతారు, రెండు మూడు సార్లు అట్లా అయితే పనే ఇవ్వరు. అందుకని ముందే ఇంటి దగ్గర ఒక కట్ట విప్పి చూసుకునేవాడు. ఆ సాయంత్రం నా చాటలోంచి ఒక కట్ట విప్పి అరచేతిలో పరిచాడు. ఇంకొకటి విప్పాడు. ఒకదాని మూతి బిగువు, ఒకదానిది వదులు, ఒకటి వాలుగా మడిచి ఉంది. చేసేటప్పుడు తెలియదు గానీ పక్కపక్కన పెడితే మనిషి చేతిరాత ఎట్లాగో బీడీ మూతి అట్లా, ఏది ఎవరిదో పట్టి ఇస్తుంది. రోజూ చదివినందుకు పడే పదీ ఇరవై బీడీలు నా వాటిలో కలిసిపోయేవి. ఆ రోజు చాట నిండా పరాయి చేతులే. ఇన్నేళ్లు బీడీల్లోనే పుట్టి పెరిగిన మాకెవ్వరికీ ఆ సంగతి తట్టలేదు.

“గివి ఎవలి చేతులే?” అన్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. కొట్టలేదు, తిట్టలేదు. “రేపటి సంది అరుగు లేదు ఏం లేదు. మీ అవ్వ ముంగట కూసొని చెయ్యి” అన్నాడు, అంతే.

మర్నాడు లెక్కల పరీక్ష వేళకు నేను అవ్వ ముందర చాట పట్టుకొని కూర్చుని ఉన్నాను. గడప మీద ఎండ జరుగుతుంటే ఇప్పుడు కాగితాలు పంచుతారు, ఇప్పుడు మొదటి లెక్క అవుతుంది అని చూస్తున్నాను. అవ్వ చేతిలోని కట్ట ముగించి దారం కొరికింది. తర్వాత తన చాటలోంచి ఒక బీడీ, నా చాటలోంచి ఒక బీడీ తీసి అరచేతిలో కలిపి నా ముందర పెట్టింది.

“గిండ్ల నాదేదో చెప్పు.”

చూశాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. చెప్పలేకపోయాను. రెండూ ఒకే వాలు, ఒకే బిగువు, మూతి మీద ఒకే గోటి నొక్కు. నాకు నేర్పింది అవ్వే కదా.

“నన్నొక్క మాట అడిగితె అయిపోతుండె గద బిడ్డా” అన్నది. తమ్ముడు నిద్రలో ఏడిస్తే జోకొట్టడానికి లేచిపోయింది. ఆ మాట మళ్లీ బతికినంత కాలం ఎత్తలేదు.

అవ్వే ముందుగా వద్దంటుందని అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అవ్వ అంటే నాకు భయం లేదు, అవ్వకున్న భయమంటే భయం. ఊరంతటికీ చెప్పి ఒక్క అవ్వకే చెప్పలేదు. ఊరందరిలో నా చేయిలాంటి చేయి ఆమెకొక్కదానికే ఉన్నది. టీచరమ్మ వారం తర్వాత ఆ లెక్కల పేపరు తెచ్చి ఇచ్చింది. ఇంట్లోనే తునికాకుల మీద గీసి చేశాను, ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. హాస్టల్ రాలేదు. అయిదేళ్ల తర్వాత బెల్లంపల్లి వచ్చింది, బొగ్గు వచ్చింది, పిల్లలు వచ్చారు, అవన్నీ బాగానే వచ్చాయి, నాకు ఫిర్యాదేమీ లేదు.

ఇదంతా ఆ పిల్లకు చెప్పాను, నా ఉర్దూలో ఎంత వస్తే అంత. మనుమరాలు గుమ్మానికి ఆనుకొని వింటున్నది, దానికీ ఇది కొత్తే. ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

“మీ చెల్లెకు నేసుడు నేర్పింది ఎవలు?” అని అడిగాను.

“అమ్మే.”

“పరీక్ష సంగతి అమ్మకు తెలుసునా?”

తల అడ్డంగా ఊపింది. అమ్మకు తెలిస్తే మొదట ఆపేది అమ్మే బీబీజాన్, పెదనాన్నకు భయపడి ఫోను కూడా తీసేసుకుంటుంది అన్నది. పన్నెండేళ్లప్పుడు నేను అనుకున్న మాటే, అక్షరం తేడా లేకుండా.

“జెయ్యి ఫోను. మీ అమ్మకే చెప్పు” అన్నాను.

ఆ పిల్ల మనుమరాలి వంక చూసింది. “బాపమ్మా, అది మన ఇల్లు గాదు. అటు ఏమన్న అయితె?” అన్నది మనుమరాలు.

“ఎట్లయినా ఆ పిల్ల రాయనంటుంది గద. ఇంకేం పోతదే? రాయకుంటె పోయేది రేపొక్కదినం గాదు. నాకు ఎరుక.”

నిజం చెప్పాలంటే ధైర్యంగా అన్నానే గానీ అంత ధైర్యం నాకు లేదు. ఎవరి ఇంట్లోనో చేయి పెడుతున్నాను. మధ్యాహ్నం ఒకసారి స్విచ్చి ఆర్పి చూశాను, ఇప్పుడు ఇదొకటి. నేనే లేచి పోయి డబ్బా లైట్లు వెలుగుతున్నాయా లేదా అని చూసి వచ్చాను.

దీపాలు పెట్టే వేళకు అటు ఫోను కలిసింది. పెదనాన్న నమాజుకు పోయాడు, తల్లి ఒక్కతే పొయ్యి దగ్గర ఉంది. ఈ పిల్ల వాళ్ల భాషలో చాలాసేపు చెప్పింది. ఆఖరుకు ఏం చేయాలో తోచక ఫోను నా చేతిలో పెట్టింది. ఆ తల్లి యుద్ధాల కాలంలో చిన్నపిల్లగా పెషావర్‌లో తలదాచుకున్నదట, అందుకని ఉర్దూ తెలుసు. ఫోనులో ముఖం కనిపించింది. నా కొడుకు ఈడు ఉంటుంది. తల మీది చున్నీ సర్దుకోవడానికి చేయి ఎత్తితే వేళ్ల చివర్లకు గుడ్డ పేలికలు చుట్టి ఉన్నాయి. దారం కోసిన వేళ్లు నేను గుర్తుపడతాను.

“బేటీ, నీ బిడ్డె వేసిన ముడి, నువ్వు వేసిన ముడి పక్కపక్క పెడితె ఎవలన్న గుర్తు పడ్తరా?” అని అడిగాను.

నేర్పింది నేనే అమ్మా, ఎవరు గుర్తుపడతారు అన్నది. అని, ఆగి, ఇంతమందికి చెప్పిన బిడ్డ నన్నెందుకు అడగలేదు అన్నది.

“నేను గూడ మా అవ్వను అడగలే బేటీ” అన్నాను.

ఆమె ముఖం పక్కకు తిప్పుకున్నది. పొయ్యి మీద ఏదో పొంగుతున్న చప్పుడు వినపడింది. నాకైతే ఇక ఫోను పెట్టేస్తుందనే అనిపించింది. చివరికి ఇటు తిరిగి, చున్నీ చెంగుతో ముక్కు తుడుచుకొని, ఒక్క మాట అడిగింది: “ఎన్ని గంటలకు?”

ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు, నా జాకెట్టు భుజం మాత్రం తడిసింది. మనుమరాలు నన్ను చూసి, “నువ్వు మస్తు దొంగవున్నవ్ బాపమ్మా, గింత కథ లోపట వెట్టుకొని లైట్లు ఆర్పుకుంట తిరుగుతున్నవా?” అన్నది. నోర్మూసుకొని పోయి అన్నం వండమన్నాను.

ఆ తర్వాత అక్కాచెల్లెళ్లు ఇద్దరూ దాచుకోకుండా, తల్లి పక్కన ఉండగానే, ఆఖరి పాఠం చెప్పుకున్నారు. వింటూ నేను చింతపండు ముగించాను.

ఇది రాస్తుంటే ఒక సంగతి మనసులో తిరుగుతూ ఉంది. చదువు అనేది ఒకసారి వాకిట్లోకి వచ్చిందంటే తరం తరానికి పెరుగుతూనే పోతుందని నేను అనుకునేదాన్ని. మా ఇంట్లో అట్లాగే అయింది. అవ్వకు వేలిముద్ర, నాకు మూడు తరగతులూ ఒక పూట పరీక్షా, నా బిడ్డకు పది, మనుమరాలికి నాకు పేరు కూడా పలకరాని చదువు. మా ఊళ్లో ఆ అరుగు తీసి షట్టర్లు కట్టారు, పొద్దున బస్సు నిండా ఆడపిల్లలే కాలేజీలకు పోతారు, తునికాకు చూపిస్తే ఇదేమి ఆకు అని అడుగుతారు. ఆ కాబూల్ పిల్ల వాళ్ల ఇంటి కథ వేరే చెప్పింది. వాళ్ల అమ్మమ్మ బడిలో పంతులమ్మ అట. తల్లికి యుద్ధం వచ్చి చదువు లేదు. ఈమెకు కాలేజీ వచ్చింది. చెల్లెలికి మళ్లీ లేదు. తెరిచిన తలుపు అట్లాగే తెరిచి ఉంటుందని ఎవరు చెప్పారు మనకు? మనం దాన్ని కాలితో ఆపి పట్టుకొని నిలబడ్డామన్న సంగతి కూడా మరచిపోయి, ఈ పిల్లలకు లైట్లు ఆర్పమని చెబుతూ కాలం గడిపేస్తున్నాం. నా అంతట నేను పెద్దబాపునై కట్ట విప్పి చూస్తున్నానని నాకు ఎన్నడూ తోచలేదు.

తెల్లవారి కాబూల్‌లో తొమ్మిది గంటలు, మనకు పది. పరీక్షకు మా ఇంటి డబ్బాతో పని లేదని మనుమరాలు ఎంత చెప్పినా నేను కుర్చీ వేసుకొని స్విచ్చి పక్కనే కూర్చున్నాను. పన్నెండున్నరకు ఫోను వచ్చింది. తల్లి చీకటితో లేచి రొట్టెలు కాల్చిపెట్టి, మగ్గం మీద బిడ్డ కూర్చునే చోట కూర్చున్నది. పిల్ల ఆమె వీపు వెనుక గోడకు ఆనుకొని ఒళ్లో ఫోను పెట్టుకొని రాసింది. దువ్వెన చప్పుడు ఆగలేదు. రాయడం అయిపోయి పిల్ల మగ్గం దగ్గరికి జరిగిన తర్వాత పెదనాన్న లోపలికి వచ్చి, నేసినంత మేర అరచేయి పెట్టి నిమిరి చూసి, చాయ పెట్టమని చెప్పి పోయాడు. నాకు తెలుగు ఎట్లాగో దానికి ఇంగ్లీషు, అది రాసింది, లెక్కలు కూడా రాసింది. నేను లేచి వంటింట్లో ఊరికే వెలుగుతున్న లైటు ఆర్పి, డబ్బాను అట్లాగే ఉంచి, మనుమరాలికీ ఆ పిల్లకూ చాయ పెట్టాను.